వేణ్ణీళ్ల ట్యాంకు, కంప్యూటరు లెక్క

ఆరు వందల లీటర్ల నిలువు ట్యాంకు ఒకటి ఉందనుకుందాం. పై సగంలో 55 డిగ్రీల వేణ్ణీళ్లు, కింది సగంలో 25 డిగ్రీల చన్నీళ్లు. ఒంటికి హాయిగా ఉండే స్నానపు నీళ్లు 42 డిగ్రీలనుకుంటే, 20 లీటర్ల బకెట్టుకు పైనుంచి 11 లీటర్లు, ఇంకాస్త పట్టుకుని మిగతాది చన్నీళ్లు తోడు చేసుకుంటే చాలు. ఆ లెక్కన 26 మంది స్నానాలు కానివ్వచ్చు. ఇప్పుడు అదే ట్యాంకులో నీళ్లన్నీ గిలక్కొట్టి కలిపేశామనుకోండి. మొత్తం 40 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ట్యాంకులోని వేడి పిసరంత కూడా తగ్గలేదు. అయినా సరిపడా వెచ్చగా ఒక్క బకెట్టు కూడా రాదు.

అంటే ట్యాంకులో ఎంత వేడి ఉందో తెలిస్తే సరిపోదు, అది ఏ ఎత్తులో ఉందో కూడా తెలియాలి. గాలిలోని వేడిని తోడే హీట్ పంపుతో నీళ్లు కాచేటప్పుడు ఈ సంగతి కరెంటు బిల్లు దాకా వస్తుంది. దాన్ని ముందే లెక్కగట్టడానికే ఇంజినీర్లు ట్యాంకును కంప్యూటర్లోకి దించుతారు.

ఉదాహరణకు పెదకాకానిని తీసుకుందాం. గుంటూరు, విజయవాడల మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఊరు. మల్లేశ్వరస్వామి గుడి, బాజీ బాబా దర్గా, శంకర కంటి ఆసుపత్రి ఉన్నచోటు. పక్కనే నాగార్జున విశ్వవిద్యాలయం, చుట్టుపక్కల ఇంజినీరింగు కాలేజీలు. ఇలాంటి చోట యాభై మంది పిల్లలుండే ఒక హాస్టలును ఊహించుకుందాం. తలా ఒక బకెట్టు. నీళ్లను 25 నుంచి 42 డిగ్రీలకు తేవాలి. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి గనక, వెయ్యి లీటర్లకు మొత్తం 20 యూనిట్ల వేడి అవుతుంది. మామూలు గీజరు పెడితే రోజుకు 20 యూనిట్ల కరెంటు కాలుతుంది. హీట్ పంపు పెడితే ఐదారు యూనిట్లతో పనైపోతుంది. మిగతా వేడి గాలిలోంచి వస్తుంది.

కోల్డ్ స్టోరేజీని తిరగేసి చూస్తే

గాలిలోంచి వేడి రావడమేమిటనే అనుమానం గుంటూరు జిల్లావాళ్లకు రాకూడదు. మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు చేస్తున్న పని అదే. వేసవిలో బయట 42 డిగ్రీలున్నా, లోపల మిర్చి టిక్కీలు చల్లగా ఉండాలి. అందుకోసం అమోనియాను గొట్టాల్లో తిప్పుతారు. మామూలు వాయుపీడనంలో అమోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. గదిలోని గొట్టాల్లో అది మరుగుతూ టిక్కీల వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కిపెట్టి బాగా వేడెక్కిస్తుంది. ఆ తర్వాత కండెన్సరులో నీళ్లు చిలకరిస్తే ఆవిరి మళ్లీ ద్రవమై, మోసుకొచ్చిన వేడిని బయటికి వదిలేస్తుంది. కండెన్సరు పక్కన నిలబడితే మొహానికి కొట్టే ఆ వెచ్చటి తేమగాలి, గదిలోంచి బయటపడ్డ వేడే.

కోల్డ్ స్టోరేజీ యజమానికి చల్లదనం కావాలి, వేడిని పారబోస్తాడు. హీట్ పంపు యజమానికి వేడి కావాలి, చల్లదనాన్ని పారబోస్తాడు. యంత్రం ఒకటే. పాలడెయిరీలో అయితే రెండూ కావాలి. ఒకపక్క పాలు చల్లార్చాలి, మరోపక్క గొట్టాలు, పాత్రలు కడగడానికి వేణ్ణీళ్లు కావాలి. అలాంటిచోట ఒకే యంత్రం రెండు వైపులా పనికొస్తుంది. హాస్టల్లో కూడా ఆ చల్లగాలిని వంటగది వైపు మళ్లిస్తే వంటవాళ్లకు కాస్త ఊరట.

ఈ ఆలోచన పాతదే. చల్లటిచోటునుంచి వేడిని తోడుకుని గదులను వెచ్చబరచవచ్చని విలియం థామ్సన్, అంటే మనం కెల్విన్ పేరుతో గుర్తుపెట్టుకున్న శాస్త్రవేత్త, 1852లోనే చూపించాడు. మరో నాలుగేళ్లకు ఆస్ట్రియాలో పీటర్ రిట్టింగర్ ఉప్పు కర్మాగారంలో ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టాడు. ఇళ్లలో నీళ్లు కాచడానికి కార్బన్ డయాక్సైడుతో నడిచే హీట్ పంపులు జపానులో 2001లో ‘ఎకోక్యూట్’ పేరుతో అమ్మకానికొచ్చాయి.

హీట్ పంపుకు ఒక షరతుంది. వేడిని ఎంత ఎత్తుకు ఎక్కించాలో అంత కరెంటు తాగుతుంది. చుట్టూ ఉన్న గాలి వెచ్చగా ఉంటే మేలు, కాచాల్సిన నీళ్లు చల్లగా ఉంటే ఇంకా మేలు. ట్యాంకు అడుగున 25 డిగ్రీల నీళ్లున్నంతసేపూ యంత్రం సులువుగా నడుస్తుంది. అదే ట్యాంకు మొత్తం 40 డిగ్రీలకు కలిసిపోయి ఉంటే, మొదటి నిమిషం నుంచే ఆయాసపడుతుంది. నీళ్ల వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ యంత్రం సామర్థ్యం సుమారు రెండు మూడు శాతం పడిపోతుందని మోటుగా లెక్కేసుకోవచ్చు. కాబట్టి పొరలు చెదిరితే బకెట్లూ తగ్గుతాయి, బిల్లూ పెరుగుతుంది.

నీళ్లెందుకు కలవవు?

వెయ్యి లీటర్ల నీళ్లు 25 డిగ్రీల దగ్గర 997 కిలోలు తూగుతాయి. 55 డిగ్రీల దగ్గర 986 కిలోలే. తేడా ఒక్క శాతమే అయినా, వేణ్ణీళ్లు పైన తేలడానికి అది చాలు. దీన్ని వంటింట్లోనే చూడవచ్చు. పొడవాటి గాజు గ్లాసులో సగందాకా వేణ్ణీళ్లు పోయండి. ఇంకోదాన్లో ఫ్రిజ్జు నీళ్లు తీసుకుని రెండు చుక్కల నీలిమందు కలపండి. సన్నటి గొట్టాన్ని గ్లాసు అడుగుదాకా దించి, నీలినీళ్లను మెల్లగా వదలండి. నీలం అడుగునే పరుచుకుంటుంది. పైనున్న నీళ్లు తేటగా ఉంటాయి. మధ్యలో సరిహద్దు గీసినట్టు కనిపిస్తుంది. గొట్టాన్ని పైకెత్తి గబగబా పోస్తే మాత్రం గ్లాసంతా నీలమైపోతుంది.

కదిలించకపోతే ఆ సరిహద్దు ఎంతసేపు నిలుస్తుంది? నీరు వేడిని చాలా నింపాదిగా పంపుతుంది. గంటసేపట్లో వేడి నిశ్చలమైన నీటిలో సుమారు రెండు సెంటీమీటర్ల మేరే పాకుతుంది. ఒక రోజంతా వదిలేసినా పది పన్నెండు సెంటీమీటర్లు. మీటరున్నర ఎత్తున్న ట్యాంకులో అది పెద్ద నష్టం కాదు. అసలు శత్రువులు వేరే ఉన్నారు. ట్యాంకు ఇనుప గోడ నీటికన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని కిందికి దింపుతుంది. కొళాయిలు తిప్పినప్పుడు అడుగునుంచి వచ్చే కొత్త నీళ్లు పొరల్ని చెదరగొడతాయి. నిమిషానికి 20 లీటర్లు అరంగుళం గొట్టంలోంచి వస్తే, నీళ్లు సెకనుకు దాదాపు రెండు మీటర్ల వేగంతో ట్యాంకులోకి దూకుతాయి. అంగుళం గొట్టం పెడితే ఆ వేగం మూడోవంతుకు పడిపోతుంది. గొట్టం కొసన అడ్డంగా ఒక రేకు పెట్టి నీళ్లను పక్కలకు మళ్లిస్తే ఇంకా మంచిది. ట్యాంకు కొనేటప్పుడు ఎవరూ అడగని ఈ చిన్న సంగతి, చాలాసార్లు ఇన్సులేషను మందం కన్నా ఎక్కువ ప్రభావం చూపిస్తుంది.

ట్యాంకును పొరలుగా కోయడం

కంప్యూటరు ట్యాంకును ఎలా చూస్తుంది? ఇడ్లీ పాత్రలో రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, నీటిని అడ్డంగా పొరలు చేసి చూస్తుంది. పది, ఇరవై, వంద, ఎన్నయినా కానివ్వండి. ఒక్కో పొరలో నీళ్లన్నీ ఒకే వేడిలో ఉంటాయని ఒప్పుకుంటుంది. ప్రతి పొరకూ ఒకటే జమాఖర్చు. కింది పొరనుంచి వచ్చిన నీళ్లు తెచ్చిన వేడి, హీట్ పంపు ఇచ్చిన వేడి జమ. పై పొరకు వెళ్లిన వేడి, ట్యాంకు గోడలోంచి గాలికి పోయిన వేడి ఖర్చు. జమలోంచి ఖర్చు తీసేస్తే ఆ నిమిషానికి ఆ పొర ఎంత వేడెక్కిందో, ఎంత చల్లారిందో తేలుతుంది. కింది పొర పై పొరకన్నా వేడిగా తేలితే రెండింటినీ కలిపేస్తుంది, ఎందుకంటే నిజమైన నీళ్లు అలా నిలవవు. ఈ లెక్కను నిమిషానికోసారి చేసుకుంటూ పోతే ఏడాదికి 5,25,600 సార్లు చేయాలి. మామూలు ల్యాప్‌టాపుకు ఇది పెద్ద బరువేమీ కాదు.

ఈ పనికి పేరున్న సాఫ్టువేరు ట్రాన్సిస్. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సౌరశక్తి ప్రయోగశాలలో పుట్టి, 1975 నుంచి బయటివాళ్లకు అందుబాటులో ఉంది. మొదట సోలార్ వాటర్ హీటర్ల కోసం రాసినా, ట్యాంకు ట్యాంకే గనక హీట్ పంపులకూ పనికొచ్చింది. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ ఉచితం. అందులో ట్యాంకుకు కాయిలు చుట్టిన హీట్ పంపునూ, నీళ్లను బయటికి లాగి కాచి పంపేదాన్నీ విడివిడిగా లెక్కకట్టవచ్చు. సమీకరణాలను సమీకరణాలుగానే రాసుకోనిచ్చే మోడెలికా అనే భాష 1990లలో యూరపులో మొదలైంది. దాని ఉచిత రూపం ఓపెన్‌మోడెలికాను మన దేశంలో బొంబాయి ఐఐటీవారి ఫోసీ ప్రాజెక్టు విద్యార్థులకు నేర్పుతోంది. మన దగ్గర హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భవన శాస్త్రానికి ప్రత్యేక కేంద్రమే ఉంది.

లెక్క పుట్టించే కలయిక

ఇక్కడే పెద్ద చిక్కుంది. మన ట్యాంకు మీటరున్నర ఎత్తు, పది పొరలు చేశాం. ఒక్కో పొర మందం పదిహేను సెంటీమీటర్లు. కింద ఒక చెంబెడు చన్నీళ్లు చేరగానే, కంప్యూటరు వాటిని పదిహేను సెంటీమీటర్ల పొరంతటా కలిపేస్తుంది. ఆ వెంటనే, కాస్త చల్లారిన ఆ పొరలోంచి కొంత నీరు పై పొరకు పోతుంది. అక్కడా అంతే. నిజం ట్యాంకులో రెండు మూడు సెంటీమీటర్ల మందాన చిక్కగా ఉండే సరిహద్దు, లెక్కలో మూరెడు పొడవున పలచబడిపోతుంది. నిమిషానికి 10 లీటర్లు వాడుతున్నప్పుడు పది పొరల లెక్కలో జరిగే ఈ దొంగ కలయిక, నీటి సహజ ఉష్ణవహనం వల్ల జరిగేదానికి 200 రెట్లకు పైగా ఉంటుంది. వంద పొరలు చేస్తే ఇరవై రెట్ల చిల్లరకు దిగుతుంది. ట్యాంకులో ఎవరూ గిలక్కొట్టలేదు, గిలక్కొట్టింది లెక్కే.

పొరలు పెంచితే చాలదా? పెంచితే కాలాన్ని కూడా సన్నటి అడుగులుగా కోయాలి. ఒక అడుగు కాలంలో ఒక పొరకు మించి నీళ్లు దాటిపోకూడదని కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లో తేల్చారు. అప్పటికి కంప్యూటర్లే లేవు. ఇరవై పొరల ట్యాంకులో ఒక్కో పొర 30 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల వాడకానికి మూడు నిమిషాలకు మించి అడుగు వేయకూడదు. గంటకో అడుగు వేస్తే, ఒక్క అడుగులోనే ట్యాంకులో ఉన్న ఆరు వందల లీటర్లూ మారిపోతాయి. పొరల సంగతి ఆ లెక్కకు తెలిసే వీలే లేదు.

దీనికి విరుగుడుగా నీళ్లను కలపకుండా దొంతరలుగా పైకి నెట్టే పద్ధతీ ఉంది. చన్నీళ్లు ఎంత వస్తే అంత మందాన కొత్త పొర పుడుతుంది, మిగతావి చెదరకుండా పైకి జరుగుతాయి. ఇందులో దొంగ కలయిక ఉండదు. కానీ అరంగుళం గొట్టంలోంచి దూకే నీళ్లు చేసే అసలు కలయిక కూడా ఉండదు. మొదటి పద్ధతి ట్యాంకును చెడ్డగా చూపిస్తుంది, రెండోది మరీ మంచిగా చూపిస్తుంది. ఒక్కోసారి పదిహేను పొరల లెక్క అసలు ట్యాంకుకు చక్కగా సరిపోతుంది. దొంగ కలయికా, అసలు కలయికా అనుకోకుండా సమానమవడమే దానికి కారణం. అలా కుదిరిన లెక్కను ఇంకో ట్యాంకుకు వాడితే దెబ్బతింటాం.

మన గాలి, మన డాబా

పొరలు సరిచూసుకున్నాక సాఫ్టువేరు రెండు ప్రశ్నలడుగుతుంది. వాతావరణం ఏమిటి? వచ్చే చన్నీళ్ల వేడి ఎంత? ఏమీ చెప్పకపోతే తనకు తెలిసిన జవాబు తనే వేసుకుంటుంది. ఎనర్జీప్లస్‌లో ఉన్న చన్నీళ్ల సూత్రం అమెరికాలో భూమిలో పాతిన మునిసిపల్ గొట్టాలను చూసి రాసింది. ఏడాది సగటు గాలి వేడి ఇస్తే అందులోంచి నీళ్ల వేడిని లాగుతుంది. మన నీళ్లు అలా రావు. బోరులోంచి మోటారు తోడిన నీళ్లు డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో ఎండకు నిలబడి, ఆపైన కొళాయికి దిగుతాయి. మే నెల మధ్యాహ్నం గుంటూరు జిల్లాలో కొళాయి తిప్పితే చెయ్యి కాలేలా వచ్చే నీళ్లను ఆ సూత్రం ఊహించలేదు. పైగా ట్యాంకు చిన్నదైతే వేడి, పెద్దదైతే తక్కువ. సాయంత్రం వేరు, తెల్లవారుజాము వేరు. అందుకని డాబా ట్యాంకును కూడా లెక్కలో ఇంకో ట్యాంకుగా చేర్చాలి. అప్పుడు తేలేదేమంటే, ఎండాకాలం మన హీట్ పంపుకు దాదాపు పనే ఉండదు. దాన్ని ఎంత పెద్దది కొనాలో డిసెంబరు, జనవరులే నిర్ణయిస్తాయి.

వాతావరణం సంగతీ అంతే. పెదకాకాని పేరుతో వాతావరణపు ఫైలు దొరకదు, దగ్గరలోని కేంద్రానిది తీసుకోవాలి. మచిలీపట్నం సముద్రపు గాలి వేరు, రెంటచింతల ఎండ వేరు. రెండిటి మధ్య ఉన్న ఊరికి ఏదో ఒకటి తగిలిస్తే కుదరదు. ఒక్క విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. చలిదేశాల్లో హీట్ పంపు బయటి కాయిలు మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం మధ్యమధ్యలో ఆగాలి, లెక్కలో ఆ నష్టమూ రాయాలి. మనకా బెడద లేదు. మనకున్న బెడద బోరు నీళ్లలోని సున్నం. అది కాయిలు మీద తెల్లటి పెచ్చు కట్టి వేడిని అడ్డుకుంటుంది. కొత్త యంత్రం లెక్కే పదేళ్లకూ వాడితే, మూడో ఏటినుంచే తేడా కొడుతుంది.

ఎప్పుడు కాచాలి?

ఇలాంటి ప్రశ్న కోసమే ఇంత తతంగం. పిల్లలు స్నానాలు చేసేది పొద్దున్న ఐదున్నరకు. నీళ్లను తెల్లవారుజామున కాచాలా, ముందురోజు మధ్యాహ్నమే కాచి ఉంచాలా? అప్పటికప్పుడు కాచుకోవడమే నయం, నిలవ ఉంచితే చల్లారిపోతాయి గదా అనిపిస్తుంది.

జనవరిలో మన ప్రాంతంలో తెల్లవారుజామున 18 డిగ్రీలు, మధ్యాహ్నం 30 డిగ్రీలు వేసుకుందాం. గొట్టాల్లోని గ్యాసు బయటి గాలికన్నా 8 డిగ్రీలు చల్లగా, నీళ్లకన్నా 5 డిగ్రీలు వేడిగా ఉండాలి. అంటే 55 డిగ్రీల నీళ్లకు పైన 60 డిగ్రీలు. ప్రకృతి అనుమతించే గరిష్ఠ లాభంలో సగం యంత్రానికి దక్కుతుందనుకుంటే, తెల్లవారుజామున ఒక యూనిట్ కరెంటుకు 3.3 యూనిట్ల వేడి, మధ్యాహ్నం 4.4 యూనిట్ల వేడి వస్తాయి. ఇక చల్లారడం. ట్యాంకు చుట్టూ అయిదు సెంటీమీటర్ల పాలీయూరిథేన్ నురగ ఉంటే, దాదాపు 60 వాట్ల వేడి పోతుంటుంది. పదిహేను గంటలకు ఒక యూనిట్. తెల్లవారుజామున కాస్తే 20 యూనిట్ల వేడికి 6 యూనిట్ల కరెంటు. మధ్యాహ్నం కాస్తే 21 యూనిట్ల వేడికి 4.8 యూనిట్లు. చల్లారినది పోగా కూడా మధ్యాహ్నమే గెలిచింది. డాబా మీద సోలార్ పలకలుంటే ఇక చెప్పేదేముంది, అవి కరెంటిచ్చేదీ ఆ వేళకే.

అయితే ఈ గెలుపు పొరలూ, ఇన్సులేషనూ సరిగా ఉంటేనే. నురగ పలచబడి, పై గొట్టాలకు చుట్ట లేక వేడి మూడింతలు పోతే ఆధిక్యంలో మూడోవంతు పోతుంది.

ఖర్చు తగ్గించే ఆత్రంలో నీళ్లను 45 డిగ్రీల దగ్గరే ఆపేద్దామని కూడా అనిపిస్తుంది. కరెంటు నిజంగానే కలిసొస్తుంది. కానీ 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్ల ప్రాణాలు తీసిన లీజియోనెల్లా బాక్టీరియా గోరువెచ్చటి నీళ్లలోనే పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. అందుకే హాస్టళ్లు, ఆసుపత్రుల్లో ట్యాంకును అప్పుడప్పుడూ అడుగుదాకా 60 డిగ్రీలకు ఎక్కించాలి. ఆ ఖర్చునూ లెక్కలో కలపాలి.

కొలవకుండా నమ్మవద్దు

తెరమీద రంగురంగుల గీతలు కనిపిస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఆ గీతలు ట్యాంకు మాట చెబుతున్నాయా, పొరల సంఖ్య మాట చెబుతున్నాయా అన్నది కొలిస్తేగాని తేలదు. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. డీఎస్18బీ20 అనే నీళ్లలో తడవని సెన్సర్లు చవకగా దొరుకుతాయి. ఒక్కోటి అర డిగ్రీ అటూ ఇటూగా చూపిస్తుంది కాబట్టి, ముందు అన్నింటినీ కట్టగట్టి ఒకే బకెట్టు నీళ్లలో ముంచి, వాటిమధ్య తేడా రాసిపెట్టుకోండి. తర్వాత ట్యాంకు నురగలోంచి గోడకు తగిలేలా అడుగునుంచి పైదాకా ఐదారు చోట్ల అంటించండి. మొదటి రాత్రి ఎవరూ కొళాయి తిప్పకుండా వదిలేయండి. మన ఆరు వందల లీటర్ల ట్యాంకు పది గంటల్లో ఒక డిగ్రీ కన్నా ఎక్కువ పడిపోకూడదు. మూడు డిగ్రీలు పడిందంటే నురగలోనో, గొట్టాల్లోనో ఎక్కడో వేడి కారుతోంది. మర్నాడు పొద్దున్న వాడకం మొదలయ్యాక, చన్నీళ్ల సరిహద్దు ఒక్కో సెన్సరును ఎంతసేపట్లో దాటిందో చూడండి. గబుక్కున పడితే పొరలు నిలిచాయి. నెమ్మదిగా జారితే గొట్టం కొసన కలయిక జరుగుతోంది. పొరల సంఖ్య ఎంతుండాలో ఆ వాలు చెబుతుంది.

గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో మెకానికల్ చదివే ప్రతి బ్యాచికీ ప్రాజెక్టు చేయాల్సిన సెమిస్టరు ఒకటుంటుంది. ఎక్కడో చలిదేశపు వాతావరణానికి ఎవరో చేసిన లెక్కను తిరగరాసే బదులు, మీ సొంత హాస్టలు ట్యాంకును తీసుకోండి. ముందు కొలవండి, ఆ తర్వాతే కంప్యూటరు తెరవండి. మీ లెక్క, మీ కొలత కలిస్తే ఆ అంకెలు మీ వార్డెనుకు చూపించండి. కలవకపోతే పొరలు మార్చి మళ్లీ చేయండి.